ముంపు నారు, రెండు జాబితాలు

ప్రశ్న: మార్టేరు వరి రకం స్వర్ణ (ఎం.టి.యు. 7029), అందులోకి ముంపు తట్టుకునే సబ్1ఏ జన్యువును చేర్చిన స్వర్ణ-సబ్1 నారుమళ్ల నుంచి ముంచినవి మూడు, ముంచనివి మూడు చొప్పున 12 నమూనాలకు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చూపే పరీక్ష) చేయించాం. అవే ఫైళ్లను ల్యాబ్‌లోనూ, నా ల్యాప్‌టాప్‌లోనూ డీసీక్2తో (ఏ జన్యువు పని పెరిగిందో, తగ్గిందో లెక్కించే ప్రోగ్రామ్) నడిపితే జన్యువుల జాబితాలు కలవడం లేదు. అక్కడ పెరిగినవి ఇక్కడ తగ్గినట్టు వస్తున్నాయి. సబ్1ఏ రెండింట్లోనూ లేదు. ఎక్కడ వెతకాలి?
– పాఠకురాలు, భీమవరం

జవాబు: పీ-విలువ (అసలు తేడా లేకున్నా ఇంత తేడా కనిపించే అవకాశం) హద్దును జరిపి జాబితాలు కలపాలని చూడకండి, తప్పు అలాగే ఉండిపోతుంది. ముందు రెండుచోట్లా కౌంట్ల పట్టిక (ఒక్కో జన్యువుకు ఎన్ని రీడ్‌లు, అంటే సీక్వెన్సింగ్‌లో చదివిన ముక్కలు, పడ్డాయో చెప్పేది) తెరిచి ఒక్కో నమూనాకు మొత్తం కూడండి, నాలుగైదు జన్యువుల వరుసలు కూడా పోల్చండి. కలిస్తే తేడా డీసీక్2లో ఉంది, లేకపోతే అంతకుముందే వచ్చింది.

కలవకపోతే రీడ్‌లను జన్యువులవారీగా లెక్కించే ఫీచర్‌కౌంట్స్‌లో స్ట్రాండ్ సెట్టింగ్ (రీడ్ డీఎన్‌ఏ ఏ పోగు వైపుదో చెప్పేది) చూడండి. డీయూటీపీ పద్ధతి లైబ్రరీకి (రీడ్‌లు జన్యువుకు ఎదురు పోగు వైపు వచ్చేలా సిద్ధం చేసిన నమూనాకు) 2 పెట్టాలి. పొరపాటున 1 పెడితే ఎక్కువ రీడ్‌లు లెక్కలోకే రావు. సమ్మరీ ఫైల్లో ‘అసైన్డ్’ వరుస పడిపోయి కనిపిస్తుంది. ఒకచోట ఎంఎస్‌యూ, మరోచోట రాప్ అనొటేషన్ (వరి జన్యువులు ఎక్కడెక్కడున్నాయో చెప్పే పట్టిక) వాడినా కౌంట్లు మారతాయి.

పెరిగినవి తగ్గినట్టుగా గుర్తులు తిరగబడటానికి కారణం చాలాసార్లు గుంపుల పేర్లే. మీరు చెప్పకపోతే ఆంగ్ల అక్షరక్రమంలో ముందున్న పేరే పోలికకు ప్రమాణం అవుతుంది. ‘కంట్రోల్’, ‘సబ్‌మర్జ్‌డ్’ అని రాస్తే ‘సి’ ముందు కనుక ఇబ్బంది లేదు. ‘ఫ్లడ్’, ‘నార్మల్’ అని రాస్తే ‘ఎఫ్’ ముందొచ్చి ముంపు నారే ప్రమాణమై కూర్చుంటుంది. రీలెవెల్ కమాండ్‌తో ‘నార్మల్’ను ప్రమాణం చేసి మళ్లీ నడపండి. రకాల పేర్లకూ ఇదే వర్తిస్తుంది. ఆల్ఫా (తేడాను నిజమైనదిగా ఎంచే హద్దు) కూడా చూడండి: చెప్పకపోతే అది 0.1, మీరు 0.05 కోరుకుంటే ఫలితాలు తీసేటప్పుడే ఇవ్వాలి.

సబ్1ఏ విషయం వేరు, అసలు ఇదే ముఖ్యం. అది 9వ క్రోమోజోమ్ మీద ముంపును తట్టుకునే జన్యువు. రీడ్‌లను పోల్చడానికి అందరూ వాడే నిప్పన్‌బారే జపానికా వరి జీనోమ్‌లో సబ్1బీ, సబ్1సీ ఉన్నాయి గానీ సబ్1ఏ లేనే లేదు. అందుకే దాని రీడ్‌లు కొన్ని ఎక్కడా అతకవు, కొన్ని పోలికున్న బీ, సీల మీద పడి వాటి కౌంట్లను పెంచేస్తాయి. సబ్1ఏ డీఎన్‌ఏ వరుసను ఫాస్టా ఫైలు (జీనోమ్ అక్షరాలున్న ఫైలు) చివర వేరే కాంటిగ్‌గా (విడి ముక్కగా) చేర్చి, జన్యువుల చోట్లు చెప్పే జీటీఎఫ్ ఫైల్లోనూ దాని ఎక్సాన్లు (జన్యువులో ఆర్‌ఎన్‌ఏలో మిగిలే భాగాలు) రాసి, రీడ్‌లను అతికించడానికి వాడే ఇండెక్స్ మళ్లీ కట్టండి. తర్వాత 12 నమూనాలూ ఆ ఇండెక్స్ మీదే నడపాలి. స్వర్ణ-సబ్1 ఆరింటిని మాత్రమే నడిపితే రెండు రకాల పోలిక చెల్లదు.