గులాబీ పురుగు మందుకు అలవాటు పడలేదు

ప్రశ్న: బీటీ-2 పత్తి విత్తి 95 రోజులైంది. పచ్చి కాయలు కోస్తే లోపల గులాబీ రంగు పురుగు ఉంది. శనగపచ్చ పురుగు మాత్రం కనిపించలేదు. విత్తనం నకిలీదని నా అనుమానం. పురుగులు అలవాటు పడ్డాయని, మూడు మందులు కలిపి కొట్టమని డీలరు చెబుతున్నారు. మందు వల్ల పురుగు డీఎన్‌ఏ మారిపోతుందా? ఇప్పుడు ఏం చేయాలి?

జవాబు: మీ విత్తనం నకిలీది కాకపోవచ్చు. బీటీ (నేల బ్యాక్టీరియా జన్యువు వల్ల మొక్కలోనే తయారయ్యే పురుగు విషం) లేని పత్తిని శనగపచ్చ పురుగు సాధారణంగా ఇన్ని రోజులు వదలదు. అనుమానం తీరకపోతే ఆకుతో చేసే బీటీ పట్టీ పరీక్ష చేయించండి.

మందు పురుగు డీఎన్‌ఏను మార్చదు. ఏ పురుగూ బతికుండగా బీటీకి అలవాటు పడదు. బీటీ విషం చంపాలంటే పురుగు పేగు గోడ మీది కెదెరిన్ వంటి ప్రోటీన్లకు అతుక్కోవాలి. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో తేడా ఉన్న పురుగులు మొదటి నుంచీ అరుదుగా ఉన్నాయి. బీటీ పత్తి తిని మిగతావి చచ్చాయి, ఈ తేడా ఉన్నవి బతికి తమలో తాము జత కట్టాయి. ఒక్క పంట కాలంలోనే గులాబీ పురుగుకు మూడు నాలుగు తరాలు. పరిణామం అంటే ఇదే, దీనికి లక్షల ఏళ్లు అక్కర్లేదు. మన దేశంలో బీటీ పత్తి 2002లో వచ్చింది. గుజరాత్‌లోని అమ్రేలీలో గులాబీ పురుగు దాన్ని తట్టుకుందని 2010లో వెల్లడైంది. 2006లో రెండో జన్యువు జోడించి తెచ్చిన బీటీ-2 కూడా పదేళ్లు తిరగకుండానే లొంగిపోయింది.

దీన్ని ఆపే ఉపాయం మన చేతిలోనే ఉండేది. తట్టుకునే గుణం బయటపడాలంటే ఆ జన్యువు తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా రావాలి. చుట్టూ 5 వరుసలు నాన్‌బీటీ పత్తి ఉంటే అక్కడ మామూలు పురుగులు బతికి, తట్టుకునే వాటితో జత కడతాయి. పుట్టిన పిల్లలు బీటీ తిని చస్తాయి. అందుకే విత్తన సంచితో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఇచ్చేవారు. దాన్ని గట్టు మీద పారేసిన రైతులెందరో! దిగుబడి తగ్గుతుందని చెప్పి పారేయించిన దుకాణదారుల మీద నాకు ఇప్పటికీ కోపమే. శనగపచ్చ పురుగుకు కంది, శనగ, టమాటా ఉన్నాయి కాబట్టి మామూలు పురుగులు అక్కడ మిగిలాయి. గులాబీ పురుగుకు పత్తి తప్ప దాదాపు దిక్కు లేదు. అమెరికా రైతులు మొదట్లో నాన్‌బీటీ వరుసలు పాటించారు, తర్వాత వంధ్య (జత కట్టినా పిల్లలు పుట్టని) పురుగులను వదిలారు. 2018లో ఆ దేశం గులాబీ పురుగు నిర్మూలన అయిందని ప్రకటించింది.

మన హైబ్రిడ్ పత్తిలో ఇంకో చిక్కుంది. కాయలో సగటున 16 గింజలకు 9లో రెండు బీటీ జన్యువులూ, 6లో ఏదో ఒకటే ఉంటాయి, ఒక గింజలో ఏదీ ఉండదు. పురుగు తినేది గింజనే కాబట్టి ఒక్క విషాన్ని తట్టుకునే పురుగు కూడా కొన్ని గింజలు తిని బతికిపోతుంది. ఈ గింజలు దాచి మళ్లీ విత్తకండి.

ఇక మీ చేను. ఎకరాకు 20 పచ్చి కాయలు వేర్వేరు మొక్కల నుంచి కోసి చీల్చండి. పురుగు దూరిన రంధ్రం పూడుకుపోతుంది కాబట్టి పైన చూస్తే తెలియదు. తొక్క లోపలి వైపు చిన్న బుడిపెలు, తొలిచిన గింజలు ఉన్నాయేమో చూడండి. 2 కాయల్లో కనిపించినా, గుడ్డి పూలు (పురుగు లోపల ఉండి రేకులు విచ్చుకోని పూలు) 10 శాతం దాటినా, లింగాకర్షక బుట్టలో (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను పట్టే బుట్ట) వరుసగా 3 రోజులు రోజుకు 8 రెక్కల పురుగులు పడినా మందు కొట్టాలి, లేకపోతే వద్దు. ప్రొఫెనోఫాస్ 2 మి.లీ. లీటరు నీటికి, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం. పది రోజులకు మళ్లీ లెక్కించి, అవసరమైతేనే థయోడికార్బ్ లీటరు నీటికి 1.5 గ్రాములు. మూడు మందుల మిశ్రమం జోలికి పోవద్దు. అది మిత్ర పురుగులను చంపుతుంది, ఆ మందులన్నిటినీ తట్టుకునే పురుగులే మిగులుతాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్లు (ఒక రకం పురుగు మందులు) విత్తిన 120 రోజుల లోపు కొడితే తెల్లదోమ విజృంభిస్తుంది.

గుడ్డి పూలు ఏరి కాల్చండి. డిసెంబరు చివరికల్లా పంట ముగించి మోళ్లు పీకేయండి. మరో రెండు నెలలు నీరు పెట్టి పైరు సాగదీయవద్దు. ఏరిన పత్తిని ఇంట్లో నిల్వ ఉంచినా గింజల్లోని పురుగు వచ్చే ఏటి పంటకు చేరుతుంది.