మోకాలి గుజ్జు పెరుగుతుందని డబ్బు కట్టించుకున్నారు, తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది తెనాలి. అమ్మకు 64 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగాయి. విజయవాడలో ఒక సెంటర్‌వాళ్లు శబ్ద తరంగాల థెరపీతో గుజ్జు మళ్లీ పెరుగుతుంది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. 20 సిట్టింగులకు 48,000 రూపాయలు కట్టాం. ఏడయ్యాయి, నొప్పి అలాగే ఉంది. డబ్బు అడిగితే రసీదు వెనక ‘కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు’ అన్న లైను చూపిస్తున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చమ్మా. కానీ ‘నొప్పి తగ్గలేదు’ అన్న ఒక్క మాట మీద వేస్తే నిలబడదు. వైద్యం ఫలించనంత మాత్రాన నిర్లక్ష్యం అనలేమని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పింది. అవతలి లాయరు ముందుగా పట్టుకునేది అదే. మీ బలమంతా ‘గుజ్జు పెరుగుతుంది’ అన్న వాళ్ల హామీలో ఉంది.

ఈ థెరపీలో మంచం కిందో, కుర్చీలోనో స్పీకర్లు పెట్టి సుమారు 30 నుంచి 120 హెర్ట్జ్ మధ్య బొంగురు శబ్దం పంపుతారు. అది చెవికన్నా ఒంటికి ఎక్కువ తెలుస్తుంది, సన్నగా అదురుతున్నట్టు. కాసేపు కండరాలు సడలి హాయిగా అనిపించవచ్చు. ఆ హాయిని అమ్ముకుంటే తప్పులేదు. అరిగిన గుజ్జు తిరిగి పెరుగుతుందని చెప్పి పెద్దవాళ్ల దగ్గర వేలు కట్టించుకోవడం మాత్రం నాకు చాలా బాధ కలిగించే విషయం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) చదివించుకోండి. సరైన పరీక్షలు లేకుండా ఫలితానికి గ్యారంటీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. ‘మేం పరీక్షించే చెప్పాం’ అని వాళ్లు అంటే, ఆ సంగతి రుజువు చేయాల్సిన బాధ్యత కూడా వాళ్లదే. గుజ్జు పెరగదని అమ్మ నిరూపించక్కర్లేదు.

అందుకని వాళ్లిచ్చిన కరపత్రం, వాట్సాప్‌లో పంపిన వీడియోలు భద్రం చేయండి. వీడియోను ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి మీ ఫోన్‌లోది తీసేయొద్దు. అసలు మెసేజ్ వచ్చిన ఫోనే సాక్ష్యం. చేరేముందు తీయించిన ఎక్స్‌రే, ఇప్పటిది, రెండూ చూసి ఎముకల డాక్టరు రాసిచ్చే నాలుగు లైన్లు మీకు ఎంతో పనికొస్తాయి.

రసీదు వెనక లైను సంగతి. అబద్ధపు హామీతో తీసుకున్న డబ్బుకు ఆ లైను రక్షణ కాదు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఫిర్యాదుకు ‘అన్యాయమైన ఒప్పందం’ అని పేరు పెడితే అది రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సిన విషయమవుతుంది. అనుచిత వ్యాపార పద్ధతి, సేవా లోపం అని రాస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. మొత్తం 48,000 అడగండి. అది కుదరకపోతే మిగిలిన 13 సిట్టింగులకు సిట్టింగుకు 2,400 చొప్పున 31,200 అయినా ఇప్పించమని అందులోనే ప్రత్యామ్నాయంగా కోరండి.

విజయవాడ వరకు తిరగక్కర్లేదు. ఫిర్యాదుదారు ఉండే చోటే వేయవచ్చు కాబట్టి మీకు గుంటూరు జిల్లా కమిషన్. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. ముందు 15 రోజుల గడువిచ్చి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. ఫిర్యాదు అమ్మ పేరునే ఉండాలి, మీరు ఆమె తరఫున వెళ్లవచ్చు. లాయరుకు ఖర్చవుతుందని టెన్షన్ పడకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద పోలీసు కేసు పెట్టమని ఎవరైనా చెబుతారు. నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితా 1954 నాటి ఆ చట్టంలో ఉంది. అందులోని 54 పేర్లలో కీళ్లవాతం ఉంది, ఆస్టియో ఆర్థరైటిస్ (అమ్మకున్న కీళ్ల అరుగుదల) అని విడిగా లేదు. తప్పుడు ప్రకటనలకు అందులో వేరే సెక్షన్ ఉన్నా, ఆ దారిలో అమ్మ డబ్బు చేతికి రాదు.

నోటీసు అందగానే రాజీకి పిలవొచ్చు. వెళ్లండి. ‘పూర్తి సంతృప్తితో తీసుకున్నాను’ అన్న కాగితం మీద సంతకం మాత్రం డబ్బు అమ్మ ఖాతాలో పడ్డాకే. ఈలోపు డాక్టరు చెప్పిన తొడ కండరాల వ్యాయామాలు ఆపనివ్వకండి.