మొదటి శాంపిల్ ఇచ్చే ముందు

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే వారం నీ ప్రోటీన్ శాంపిల్ మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఇస్తున్నానని రాశావు. సంతోషం. కానీ ఖరీదు చూసి ఆ యంత్రంపై భక్తి పెంచుకోకు. అదొక అణువుల త్రాసు, అంతే. నీ ప్రోటీన్‌నూ తూస్తుంది, నీ తలవెంట్రుకనూ తూస్తుంది.

అందుకే పని చేసే బల్ల దగ్గరే జాగ్రత్తపడాలి. చర్మం నుంచీ జుట్టు నుంచీ రాలే కెరాటిన్ అనే ప్రోటీన్, కొత్తవాళ్లకు వచ్చే ప్రతి ఫలితాల జాబితాలోనూ పైన కూర్చుంటుంది. గ్లవుజులు వేసుకుని నుదుటి మీద జుట్టు సర్దుకుంటే, వేసుకోనట్టే లెక్క. ఉన్ని స్వెట్టర్ వేసుకుని ప్రోటీన్ ఉన్న జెల్ ముక్కలు కోయకు, గొర్రె కెరాటిన్ కూడా వచ్చి చేరుతుంది!

యూరియాలో కరిగించిన ప్రోటీన్‌ను వేడి చేయకు. యూరియా నుంచి పుట్టే సయనేట్, ప్రోటీన్‌లోని లైసిన్ అనే అమైనో ఆమ్లానికి అంటుకుని దాని బరువును 43 డాల్టన్‌లు (అణువుల బరువుకు కొలమానం) పెంచుతుంది. ప్రోటీన్‌ను పెప్టైడ్‌లనే చిన్న ముక్కలుగా కోసే ఎంజైమ్ ట్రిప్సిన్. అది కోసేది లైసిన్, ఆర్జినిన్‌ల తర్వాతే కదా, అలా మారిన లైసిన్ దగ్గర అది కోయదు. సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు మళ్లీ జతకట్టకుండా ఆపే అయోడోఅసిటమైడ్‌ను అప్పటికప్పుడు కలుపుకుని చీకట్లో వాడు. సిస్టీన్‌కు అది చేర్చే 57 డాల్టన్‌లను పెప్టైడ్‌లను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ సెర్చ్ సెట్టింగులలో పెట్టడం మరవకు.

జాన్ ఫెన్‌కు 2002 రసాయన నోబెల్‌లో వాటా తెచ్చిన, శాంపిల్‌ను విద్యుత్ తుంపరగా యంత్రంలోకి పంపే ఎలక్ట్రోస్ప్రేకు ఉప్పూ, డిటర్జెంటూ గిట్టవు. పెప్టైడ్‌లను పట్టి ఉంచే సి18 అనే పదార్థం మీద వాటిని కడిగితే ఉప్పు పోతుంది, ట్రైటాన్ అనే డిటర్జెంట్ మాత్రం అంత తేలిగ్గా వదలదు. యంత్రం గీసే బరువుల గ్రాఫులో, అంటే స్పెక్ట్రమ్‌లో, 44 చొప్పున ఎడంగా శిఖరాలు బారులు తీరాయంటే డిటర్జెంటో, పాలీఇథిలీన్ గ్లైకాలో చొరబడిందని అర్థం. డిటర్జెంట్ అసలు వాడకపోవడమే మేలు.

ఫలితాలు చేతికొచ్చాక తొందరపడకు. 1 శాతం తప్పుల రేటు అంటే, 5,000 పెప్టైడ్‌ల జాబితాలో 50 దాకా తప్పులుంటాయని ముందే ఒప్పుకోవడం. ఒక్క పెప్టైడ్‌తోనే నిలబడ్డ ప్రోటీన్ నీ సిద్ధాంతానికి ఎంత ముద్దొచ్చినా, దాని స్పెక్ట్రమ్ తెరిచి నీ కళ్లతో చూడు. లూసిన్, ఐసోలూసిన్ అనే అమైనో ఆమ్లాల బరువు ఒక్కటే కాబట్టి ఆ తేడా మీద ఏ వాదనా కట్టకు. ఒక ప్రోటీన్ జాబితాలో లేదంటే కణంలోనే లేదని రాసేయకు, తక్కువ మోతాదులో ఉన్నవి దొరక్కుండా పోవడం మామూలే. ఒకే శాంపిల్‌ను మూడుసార్లు నడిపి మూడు ప్రయోగాలని చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేరువేరుగా పెంచిన మూడు కణాల కల్చర్ల నుంచి శాంపిల్ తీసుకో.

ఇంకొక్కటి. శాంపిల్‌తో పాటే కొంచెం బీఎస్‌ఏను (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) కూడా అదే రోజు, అదే ట్రిప్సిన్‌తో కోసి ఇవ్వు. అది బాగా వచ్చి నీది రాకపోతే శాంపిల్‌ను అనుమానించు. రెండూ రాకపోతే ముందు ట్రిప్సిన్ సీసా మీద తేదీ చూసి, ఆ తర్వాతే యంత్రం నడిపే ఆయన దగ్గరికి వెళ్లు.

మీ పెదనాన్న