జూదమాడిన ధర్మరాజు నాయకుడేనా?

ప్రశ్న: భార్యను పందెంలో ఒడ్డిన ధర్మరాజును ధర్మానికి ప్రతిరూపంగా ఎలా కొలుస్తామండీ? మా ఎంవీపీ కాలనీ పురాణ కాలక్షేపంలో అడిగితే కసిరారు.
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కసరడం దేనికమ్మా, నిండు సభలో ద్రౌపదే అడిగింది కదా, ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా అని! తానే ఓడిపోయాక ఆమెను ఒడ్డే హక్కు ఎక్కడిది? భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమంటూ తప్పుకున్నాడు, దుర్యోధనుడి తమ్ముల్లో వికర్ణుడొక్కడే ఆమె పక్షాన నోరు విప్పాడు (నాకైతే ఆ రోజు నాయకుడు అతనే). నన్నయ గారి సభాపర్వం ఓసారి తిరగేయండి.

అలాగని ధర్మరాజును అక్కడే వదిలేయకండి. 18 రోజుల యుద్ధం గెలిచి, కర్ణుడు సొంత అన్న అని తెలిశాక, ఈ రాజ్యం నాకొద్దు, అడవికి పోతానని కుమిలిపోయాడు. శాంతిపర్వం మొదలయ్యేది ఆ దుఃఖంతోనే.