అంగుళాలు తర్వాత, ముందు కిలోలు చెప్పు

రాయగడ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవించి రాయునది.

నీ మారుతి జిమ్నీకి, బండిని రెండంగుళాలు ఎత్తు పెంచే లిఫ్ట్ స్ప్రింగులు ఏ కంపెనీవి వేయించమంటావని అడిగావు. కంపెనీ సంగతి ఆఖర్న చూద్దాం. నీ బండి ముందు యాక్సిల్ మీద ఎన్ని కిలోలున్నాయి, వెనక యాక్సిల్ మీద ఎన్ని? అది తెలియకుండా స్ప్రింగ్ కొంటే కొలతలివ్వకుండా చొక్కా కుట్టించుకున్నట్టే.

జయపురంలో బియ్యం లారీలు తూచే వే బ్రిడ్జి ఏదైనా సరే. ట్యాంకు నింపు. స్టెప్నీ, జాకీ, ఎప్పుడూ బండిలోనే ఉండే సామాను అన్నీ ఉండనీ, నువ్వూ సీట్లోనే కూర్చో. మొదట బండి మొత్తం తూయించు. తర్వాత ముందు చక్రాలు మాత్రమే కాటా మీద, ఆ తర్వాత వెనకవి మాత్రమే. రెండూ కలిపితే మొత్తానికి దగ్గరగా రావాలి. ఇరవై కిలోల కంటే ఎక్కువ తేడా వస్తే కాటా పక్క నేల సమంగా లేదన్నమాట. ఇంకోచోట తూయించు.

ఆ బరువంతా స్ప్రింగ్ మీద పడదు. చక్రాలు, బ్రేకులు, యాక్సిల్ స్ప్రింగ్ కిందే ఉంటాయి కదా, వాటిని తీసేయాలి. ఒక లెక్క వేసి చూపిస్తాను. అంకెలు నీ బండివి కావు, పద్ధతి పట్టుకో. ముందు యాక్సిల్ మీద 680 కిలోలు. అందులో కింది సామాను 150 తీస్తే 530, ఒక్కో స్ప్రింగ్‌కి 265. స్ప్రింగ్ గట్టితనం (అంటే ఒక మిల్లీమీటరు కుంగడానికి పట్టే బరువు) మిల్లీమీటరుకు రెండున్నర కిలోలైతే బండి బరువుకే అది 106 మి.మీ. కుంగుతుంది. డబ్బా మీద గట్టితనం మిల్లీమీటరుకు న్యూటన్లలో ఉంటే 9.8తో, అంగుళానికి పౌండ్లలో ఉంటే 56తో భాగించు, కిలోలొస్తాయి.

ఇప్పుడు ఇనుప బంపరు 45 కిలోలు, వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు చుట్ట) 35, మొత్తం 80 తగిలించావనుకో. ముందు యాక్సిల్ మీద పెరిగేది 80 కాదు. ఆ బరువు యాక్సిల్‌కి ముప్పావు మీటరు ముందుకు వేలాడుతోంది. ఐదు తలుపుల జిమ్నీకి చక్రాల మధ్య దూరం 2590 మి.మీ. కనుక తక్కెడ లెక్కన ముందు సుమారు 103 కిలోలు పెరిగి, వెనక 23 తగ్గుతుంది. ముందు ఒక్కో స్ప్రింగ్ ఇంకో 21 మి.మీ. కుంగుతుంది. యాభై మి.మీ. లిఫ్టుకి డబ్బులిచ్చి ముప్ఫై కూడా రాలేదని మెకానిక్ మీద పడేవాళ్ల కథ ఇదే. అందుకే మంచి కేటలాగుల్లో ముందు స్ప్రింగులు మామూలు బంపరుకి, ఇనుప బంపరుకి, వించితో కలిపి అని వేరువేరుగా ఉంటాయి.

తిరగేసిన తప్పు ఇంకా ఎక్కువ. రేపెప్పుడో వించి పెడతానని ఇవాళే బరువు స్ప్రింగ్ వేయిస్తారు. బండి ముక్కు పైకెత్తుకుని నిలబడుతుంది. గతుకు గతుకుకీ నడుం విరుగుతుంది. దేవమాలి కొండ దారిలో ఎర్రమట్టి కోసుకుపోయిన చోట చక్రం కిందికి జారి నేలను పట్టుకోవాలి. ఖాళీ బండి కింద గట్టి స్ప్రింగ్ ఎక్కువ కుంగి ఉండదు, కాబట్టి జారడానికి దాని దగ్గర నిడివి మిగలదు. చక్రం గాల్లో తిరుగుతుంది. చిన్న గుర్తు చెబుతాను. 15.8ని ఆ కుంగుడు మిల్లీమీటర్ల వర్గమూలంతో భాగిస్తే సెకనుకు బండి ఎన్నిసార్లు ఊగుతుందో తెలుస్తుంది. 106కి ఒకటిన్నర వస్తుంది, హాయిగా ఉంటుంది. 60కి రెండు దాటుతుంది, ఇంట్లోవాళ్లు రెండోసారి ఎక్కరు.

స్ప్రింగుని చూసి గట్టితనం చెప్పేవాణ్ణి నమ్మకు. చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య ఒక్కటే ఉండి తీగ మందం 14 నుంచి 15 మి.మీ.కి పెరిగితే చాలు, 32 శాతం గట్టిపడుతుంది. కంటికి రెండూ ఒకటే.

వెనక స్ప్రింగులకి రోజూ ఉండే బరువునే లెక్కలోకి తీసుకో. ఏడాదికి రెండుసార్లు నలుగురూ, గుడారమూ ఎక్కుతారని మిగతా మూడొందల అరవై రోజులు శిక్ష వేసుకోవద్దు. అప్పుడప్పటి బరువుకి, చోటుంటే, స్ప్రింగ్ లోపల పెట్టే ఎయిర్ బ్యాగ్ చాలు (స్టీరింగ్‌లో ఉండేది కాదు, గాలి కొట్టుకునేది). చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్ల జోలికి పోకు. అవి రెండు చుట్లను బంధిస్తే ఆ శ్రమంతా మిగతా చుట్ల మీద పడుతుంది. స్ప్రింగ్ కింద స్పేసర్ (ఎత్తు దిమ్మ) వేస్తే ఎత్తు వస్తుంది గానీ గట్టితనం రాదు. పాత జిప్సీకి చుట్ట స్ప్రింగ్ బదులుండే కమాన్ (ఇనుప పట్టీల) కట్టలో ఒక ప్లేటు చేరిస్తే రెండూ పెరుగుతాయి. పాత కమాన్లు తట్టించి వంపు తెప్పిస్తే కొన్నాళ్లకే మళ్లీ వాలిపోతాయి.

మీ స్నేహితుడి కొత్త థార్‌కి ఈ లెక్క నేరుగా పనికిరాదు. దాని ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి, స్ప్రింగ్ చక్రానికి లోపలగా ఉంటుంది. చక్రం పది కదిలితే స్ప్రింగ్ ఆరే కదిలిందనుకో, చక్రం దగ్గర తెలిసే గట్టితనం 0.36 వంతే.

ఇంకొకటి. స్ప్రింగ్ మారిస్తే బండి మోసే హద్దు పెరగదు. జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు, మొత్తం బరువు హద్దు 1,545. బంపరు, వించి 80, మనుషులు నలుగురు 280 అంటే అప్పుడే హద్దు దాటావు. పైగా బుల్‌బార్ల (బండి ముందు బిగించే ఇలాంటి ఇనుప కమ్మీల) మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. బండిలో చేసే మార్పుల గురించి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది. కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సువాళ్ల దగ్గర కనుక్కో.

బిగించే రోజు దగ్గరే ఉండు. ముందుగా నాలుగు మూలలా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకో. నేల నుంచి కొలిస్తే టైరు గాలి మోసం చేస్తుంది. యాక్సిల్ దించేటప్పుడు బ్రేకు గొట్టం లాగకుండా చూడు. షాకబ్జర్లు కొత్త ఎత్తుకి సరిపడా పొడవుండాలి, లేకపోతే గుంటలో చక్రం వేలాడినప్పుడల్లా ‘టక్’ మంటాయి. బుష్ (కీళ్లలోని రబ్బరు) బోల్టుల ఆఖరి బిగింపు బండి నాలుగు టైర్ల మీద నిలబడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి చిరిగిపోతుంది. ఎత్తు పెరగ్గానే పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే అడ్డకడ్డీ) యాక్సిల్‌ని కొంచెం పక్కకి లాగుతుంది, క్యాస్టర్ (చక్రాలను తిన్నగా నిలిపే వాలు) తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. ఈ రెండూ సరిచేయించకుండా సుంకి ఘాట్ దిగకు. హెడ్‌లైట్లు కూడా దించాలి, ఎదుటి లారీవాడి కళ్లలో పడతాయి. ఐదొందల కిలోమీటర్లయ్యాక మళ్లీ కొలువు. కొత్త స్ప్రింగులు కొద్దిగా కూర్చుంటాయి.

వే బ్రిడ్జి చీటీ ఫోటో తీసి పంపు. మొత్తం ఒక్కటే కాదు, ముందూ వెనకా అంకెలు విడిగా కనబడాలి. నీ బండికి ఏ గట్టితనం కావాలో అప్పుడు చెబుతాను.

మీ మావయ్య