ముందు మాటలు చదువు, తర్వాత ట్యూన్ పెట్టు

చిరంజీవి అమ్మడికి,

అత్తయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకటో తరగతి పిల్లలు రోజూ చివరి పీరియడ్‌లో "టీచర్, ఆ పాట పెట్టండి" అని గొడవ చేస్తున్నారనీ, పక్క సెక్షన్లలో పెడుతూనే ఉన్నారనీ, నువ్వొక్కదానివే కాదంటే పిల్లలకు దూరమైపోతావేమోనని టెన్షన్‌గా ఉందనీ రాశావు. పైగా వార్షికోత్సవానికి అదే పాటకు డాన్స్ నేర్పమన్నారట. నా అభిప్రాయం సూటిగా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. పెద్దవాళ్ల కోసం రాసిన మాటలున్న పాట చిన్నపిల్లల తరగతిలో వద్దు. ఎంత పెద్ద హిట్ అయినా, ట్యూన్ ఎంత బాగున్నా, పిల్లలు ఎంత బతిమాలినా వద్దు.

ఈ మాట అనే హక్కు నాకెక్కడ వచ్చిందంటే, ఆ తప్పు నేను చేశాను కాబట్టి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండో తరగతి ఆడపిల్లలు ఎనిమిది మందికి ఒక పాటకు డాన్స్ నేర్పాను. ఎటు వెళ్లినా అదే పాట మోగుతున్న రోజులవి. క్యాసెట్ వేయడం, ఆపడం, వెనక్కి తిప్పి మళ్లీ వేయడం. వారం రోజులు అదే పని. నా ధ్యాసంతా దరువు మీదే. ఎవరి అడుగు తప్పుతోంది, ఎవరి చెయ్యి ఆలస్యంగా లేస్తోంది, అంతవరకే చూస్తున్నాను. ఎనిమిదో రోజు ఒక పిల్ల వరుసలోంచి బయటికొచ్చి నా వేలు పట్టుకుంది. "టీచర్, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు తీయకూడదని మీరే చెప్పారు కదా. మరి ఈ పాటలో అక్క ఎవరూ లేరు రమ్మని ఎందుకు పిలుస్తోంది?" అంది.

నాకు నోట మాట రాలేదు. "అది పాటలేమ్మా, నువ్వు వెళ్లి నిలబడు" అని పంపేశాను. వెళ్లి నిలబడింది. అడుగులన్నీ సరిగ్గా వేసింది. మళ్లీ ఏమీ అడగలేదు. నేను చెప్పిన రెండు మాటలు పక్కపక్కన పెట్టి చూసి, రెండూ పొసగడం లేదని కనిపెట్టింది ఏడేళ్ల పిల్ల. దానికి నేనిచ్చిన జవాబు నోరు మూసుకొమ్మని. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

"పిల్లలకు అర్థం కాదు కదా, ఊపు కోసం పెడతాం" అని మీ తోటి టీచర్ అన్నారని రాశావు. ఈ మాట నేనూ చాలాసార్లు విన్నాను. ఆరేళ్ల పిల్లలకు ఒక మాట ముందు నోటికి వస్తుంది, అర్థం తర్వాత వస్తుంది. ఎక్కాలు, పద్యాలు అలాగే కదా నేర్పుతున్నాం. అర్థం తెలియకుండా నేర్చిన పద్యం పెద్దయ్యాక మెల్లగా విచ్చుకుంటుందని సంతోషిస్తాం. మరి పాటలోని మాట మాత్రం విచ్చుకోకుండా ఎలా ఉంటుంది? ఈలోపు ఆ బిడ్డ చుట్టాల ముందు చేతులు తిప్పుతూ అదే పాట పాడుతుంది. పెద్దవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుతారు. ఎందుకు నవ్వారో దానికి తెలియదు, కానీ తనని చూసే నవ్వారని మాత్రం తెలుస్తుంది. ఏ తప్పూ చేయని పిల్ల సిగ్గుపడుతుంది. ఎవరు నేర్పారమ్మా అంటే "మా టీచర్" అని నీ పేరు చెబుతుంది.

ఇంకో సంగతి. ఇప్పుడు చిన్న తరగతుల్లో గుడ్ టచ్, బ్యాడ్ టచ్ చెబుతున్నాం. "వద్దు అని గట్టిగా చెప్పు, ఎదుటివాళ్లు వద్దంటే నువ్వూ ఆగాలి" అని బొమ్మలు చూపించి మరీ నేర్పుతున్నాం. పొద్దున ఆ పాఠం చెప్పి, మధ్యాహ్నం స్పీకర్‌లో ఒకడు వద్దన్న అమ్మాయి వెంటపడి, ఆమె వద్దంటే కావాలనే అర్థమని పాడుతుంటే చప్పట్లు కొట్టిస్తే, పిల్లలకు ఏది గుర్తుంటుంది? పాఠం ఒక్కసారి చెప్పాం. పాట వందసార్లు పాడించాం. నాకు బూతు మాట కన్నా ఇదే ఎక్కువ భయం. బూతు మాటైతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇది తియ్యగా, మంచి మాటల్లో, అందమైన రాగంలో వస్తుంది, ఎవరూ పట్టుకోరు.

అందుకే యాప్‌లో పాట పక్కన ఉండే, పిల్లలకు తగదని హెచ్చరించే ఎక్స్‌ప్లిసిట్ గుర్తు మీద ఆధారపడకు. ఆ గుర్తు వెనుక పెద్ద కథే ఉంది. 1985లో అమెరికాలో పీఎంఆర్‌సీ అనే తల్లిదండ్రుల బృందం పాటల్లో మాటలు ఎలా ఉన్నాయో పిల్లలకు కొనిపెట్టే ముందే తమకు తెలియాలని పట్టుబట్టింది. విషయం సెనేట్ విచారణ దాకా వెళ్లింది. రికార్డు కంపెనీలు హెచ్చరిక ముద్ర వేయడానికి ఒప్పుకున్నాయి. నలుపు తెలుపుల్లో పేరెంటల్ అడ్వైజరీ అని ఉండే లేబుల్ 1990 నుంచి అందరికీ ఒకే రూపంలో వచ్చింది. ఇప్పుడు యాప్‌లలో కనిపించే గుర్తు దాని వారసురాలే. అది మంచి పనే, కాదనను. కానీ ఆ గుర్తు పెట్టేది చాలావరకు పాట విడుదల చేసేవాళ్లే. పచ్చి బూతు, పచ్చి శృంగారం, హింస ఉంటే పెడతారు. డబుల్ మీనింగ్‌కు పెట్టరు. వెంటపడటానికి పెట్టరు. తాగుడు గొప్పలకు కూడా చాలాసార్లు పెట్టరు. గుర్తు లేకపోతే పిల్లల పాట అయిపోయినట్టు కాదు.

క్లీన్ వెర్షన్ సంగతి కూడా అంతే. మాట దగ్గర శబ్దం తీసేస్తారు, పాట మాత్రం అదే పాట. పైగా పిల్లలకు ఖాళీ కనిపిస్తే పూరించే దాకా నిద్రపట్టదు. "టీచర్, అక్కడ ఏమంటాడు?" అని ఒకడు అడుగుతాడు. ఇంట్లో అన్న ఉన్నవాడు లేచి చెబుతాడు. మొత్తం క్లాసు నేర్చుకుంటుంది.

మరి ఏం చేయాలి? ఏ పాటైనా సరే, తరగతిలోకి తెచ్చే ముందు మాటలన్నీ కాగితం మీద నీ చేత్తో రాసుకో. పల్లవి ఒక్కటే కాదు, చివరి చరణం దాకా. చాలా పాటల్లో పల్లవి పసిపాపలా ఉంటుంది, అసలు సంగతి రెండో చరణంలో బయటపడుతుంది. రాశాక ట్యూన్ లేకుండా, మామూలుగా పాఠం చదివినట్టు పైకి చదువు. ట్యూన్ చాలా దాచిపెడుతుంది, ఒట్టి మాట ఏమీ దాచలేదు. చదువుతుంటే ఏ లైను దగ్గరైనా నీ గొంతు తగ్గిందా, చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూశావా, ఆ పాట పక్కన పెట్టెయ్. ప్రతి లైనుకూ "అంటే ఏంటి టీచర్" అని ఆరేళ్ల పిల్ల అడిగితే అబద్ధం చెప్పకుండా, మాట మార్చకుండా జవాబు చెప్పగలవా? చెప్పగలిగితే పెట్టు. ప్రేమ అనే మాట ఉన్నంత మాత్రాన తీసేయనక్కర్లేదు. అమ్మ మీద, నేస్తం మీద, వాన మీద ప్రేమ ఉంటుంది. కోపం, దుఃఖం ఉన్న పాటలూ పిల్లలకు కావాలి. వాళ్లకూ కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది.

రాని భాషలో పాటైతే ఇంకా జాగ్రత్త. ఎవరికీ అర్థం కాదులే అని అలాంటివే ఎక్కువ పెట్టేస్తారు. నీకు రాని భాష నీ తరగతిలో ఒక పిల్లకు ఇంటి భాష కావచ్చు. నలభై మంది ఊగుతుంటే ఆ ఒక్క పిల్ల మాత్రం తల వంచుకుని కూర్చుంటుంది. తెలిసినవాళ్లని అడిగి మాటకు మాట అర్థం చెప్పించుకో. చెప్పేవాళ్లు దొరక్కపోతే పాట మానుకో.

"ఇంట్లో ఎలాగూ వింటారు కదా" అన్నది గట్టి వాదనే. నిజంగానే వింటారు, ఆపడం మన వల్ల కాదు. కానీ ఇంట్లో ఏం వినాలన్నది ఆ ఇంటివాళ్ల నిర్ణయం. తరగతిలో పాట పెడితే అన్ని ఇళ్ల తరఫునా నువ్వు నిర్ణయించినట్టు. నచ్చని పిల్లకు లేచి బయటికి వెళ్లే వీలు కూడా ఉండదు. అదీగాక టీచర్ పెట్టిందంటే పిల్లల దృష్టిలో అది మంచిదే. బడి వేసే ఆ ముద్ర ఎంత గట్టిదో నీకు తెలియదు కానీ, ఇంటికి వెళ్లి "మా టీచర్ ఇలా చెప్పింది" అని అమ్మతో పోట్లాడే పిల్ల ఉన్న ఏ తల్లినడిగినా చెబుతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకు వస్తాను. పాట నువ్వు తేకపోయినా పిల్లలు తెస్తారు. ఒక పిల్లవాడు బెంచీ మీద తాళం వేస్తూ పాడేస్తాడు. అప్పుడు గుడ్లురమకు. "ఛీ, ఎవరు నేర్పారు ఇలాంటివి" అనకు. వాడు విన్నది పాడాడు, అంతే. నువ్వు అదిరిపడితే ఆ పాటలో ఏదో ఉందని ముప్పై మందికి తెలిసిపోతుంది, ఇంటర్వెల్‌లో అందరూ అదే పాడతారు. "తాళం భలే వేశావురా, మళ్లీ వెయ్యి" అని దగ్గరికి పిలువు. దరువు తీసుకో, మాటలు వదిలెయ్. అదే దరువు మీద వారాల పేర్లో, జంతువుల పేర్లో చెప్పించు. నేను ఇలా చేసినప్పుడల్లా ఐదు నిమిషాల్లో పాత మాటలు మరుగునపడ్డాయి. వాడేమో తన పాట క్లాసంతా పాడిందని ఛాతీ విరుచుకుని ఇంటికి వెళ్లాడు. ఎవరైనా అర్థం అడిగితే మాత్రం నేను చేసినట్టు చేయకు. "అది పెద్దవాళ్ల పాట, పెద్దవాళ్ల సంగతులున్నాయి. అడిగి మంచి పని చేశావు" అని చెప్పు. ఆ ప్రశ్నలో బెదురు కనిపిస్తే, ఇంట్లో ఏదో చూసినట్టు అనిపిస్తే, తర్వాత ఒంటరిగా పిలిచి మెల్లగా మాట్లాడు.

గొంతు సంగతి ఎవరూ పట్టించుకోరు, అది నాకు చాలా బాధ. ఐదారేళ్ల పిల్లల గొంతుకు హాయిగా అందేది ఇంచుమించు ఐదారు స్వరాలే. పెద్ద గాయకులు పాడే పాట కిందికి పోయిన చోట పిల్లలు గొణుగుతారు, పైకి పోయిన చోట అరుస్తారు. అది ఊపు అనుకుని మనం చప్పట్లు కొడతాం. హంగేరీ సంగీతకారుడు జోల్తాన్ కొడాయ్ (1882–1967) జీవితంలో చాలా భాగం దీని మీదే పెట్టాడు. చిన్న పిల్లలకు చిన్న పరిధిలో ఉన్న పాటలు, అందులోనూ నాణ్యమైనవి ఇవ్వాలని, వాయిద్యం కన్నా ముందు సొంత గొంతుతో పాడించాలని, జానపద పాటలతో మొదలుపెట్టాలని ఆయన పద్ధతి. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ చప్పట్లు, అడుగులు, చిన్న చిన్న వాయిద్యాలతో పిల్లలకు లయ నేర్పాడు. వీటికి ఖర్చేమీ అక్కర్లేదు. నీ గొంతు, నీ చేతులు చాలు. నీకు పెద్దగా పాడటం రాకపోయినా ఫర్వాలేదు. స్పీకర్ పాడుతుంటే పిల్లలు వింటారు, టీచర్ పాడుతుంటే పాడతారు.

పిల్లలకు కావలసింది ఆ ఊపే అయితే, మాటలు లేని సంగీతం పెట్టు. ఉత్త దరువులే పెట్టు. కానీ పాట అయిపోయాక తర్వాతిది దానంతటదే రాకుండా ఆటోప్లే ఆపు, పెట్టేదేదో ముందే డౌన్‌లోడ్ చేసుకో. పిల్లల ముందు నిలబడి ఫోన్‌లో వెతకడం మంచిది కాదు. తెర మీద ఏ బొమ్మ వస్తుందో మన చేతిలో ఉండదు. బాగా తెలిసిన హిట్ ట్యూన్ నుంచి మాటలు తీసేసినా పిల్లలు లోపల అవే పాడుకుంటారన్నది కూడా గుర్తుపెట్టుకో.

డాన్స్ గురించి ఒక్క మాట. పాటలో మాటలు మార్చి, అడుగులు మాత్రం వీడియోలో ఉన్నవే నేర్పితే ఏమీ మారనట్టే. ఆ నడుము తిప్పడం, ఆ చూపు పెద్దవాళ్ల కోసం కూర్చినవి. వార్షికోత్సవం రోజు ముందు వరుసలో వంద ఫోన్లు లేస్తాయి. ఆ వీడియో ఎవరి చేతికి పోతుందో, ఎన్నేళ్లు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ పిల్ల పదిహేనేళ్లప్పుడు దాన్ని చూసుకుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించు.

పెద్ద టీచర్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు సంస్కృతి, సంప్రదాయం అని ఉపన్యాసం ఇవ్వకు, పక్క సెక్షన్ వాళ్ల పేరు అసలే ఎత్తకు. రాసుకున్న కాగితం ఆవిడ చేతికిచ్చి, "ఒక్కసారి పైకి చదవండి మేడమ్" అను. వట్టి చేతులతో వెళ్లకుండా నువ్వు ఎంచుకున్న పాట కూడా పట్టుకెళ్లు, రెండు నిమిషాలు పాడి, అడుగులు చూపించు. వద్దు అనే టీచర్ కన్నా ఇది చేద్దాం అనే టీచర్ మాట తొందరగా వింటారు.

నువ్వు పంపిన పాట విన్నాను. రాసుకున్నాను కూడా. పల్లవి బాగానే ఉంది. రెండో చరణం మూడో లైను దగ్గర నా పెన్ను ఆగిపోయింది, నువ్వే చూసుకో. దానికి బదులు మీ నాన్నకు నువ్వు చిన్నప్పుడు చేతులు తిప్పుతూ పాడి వినిపించే వాన పాట ఉంది కదా, అది ఐదు స్వరాల్లోనే ఉంటుంది. మాటలు మర్చిపోయి ఉంటావు. వెనుక పేజీలో రాశాను.

మీ అత్తయ్య