జీతం ఒకటే, కానీ నన్ను సైట్‌కి పంపరట

ప్రశ్న: మేడమ్ గారూ, మాది గుంటూరు అరండల్‌పేట. ఈ ఏడాదే సివిల్ పూర్తయింది. అమరావతి వైపు ఒక బిల్డింగ్ ప్రాజెక్టులో ట్రైనీ ఇంజనీర్‌గా సెలెక్ట్ అయ్యా. ఇంటర్వ్యూలో పెళ్లెప్పుడని అడిగారు, తర్వాత "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఎండలో సైటు, ఆఫీసులో డ్రాయింగులు, బిల్లులు చూసుకో, ఆరింటికల్లా వెళ్లిపోవచ్చు" అన్నారు. నాతో పాటు వచ్చిన ఇద్దరబ్బాయిలకీ సైటే. జీతం మాత్రం అందరికీ ఒకటే. నాన్న ఇదే బెటర్ అంటున్నారు, మామయ్యేమో అసలు సివిల్ వదిలేసి సాఫ్ట్‌వేర్ కోర్సు చెయ్యమంటున్నాడు. ఏం చెయ్యను? (పేరు వద్దన్నారు)

జవాబు: జీతం ఒకటే అన్నావు చూడు తల్లీ, మెలిక అక్కడే ఉంది. ఈ నెల ఒకటే, నాలుగైదేళ్లు పోయాక ఉండదు. ఎందుకంటే స్లాబ్ పొద్దున మొదలుపెడితే పంపు ఆగిందనో, మిక్సర్ లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుందనో రాత్రి పదింటి దాకా సాగుతుంది, నిన్ను ఆరింటికే బండెక్కించి పంపేస్తే కాంక్రీట్ వేసేటప్పుడు నువ్వు ఎప్పుడూ ఉండవు. రేపు ప్రమోషన్ టైములో అదే మేనేజరు "ఆ అమ్మాయికి సైట్ ఎక్స్‌పీరియన్స్ లేదండీ" అంటాడు. లేకుండా చేసింది వాళ్లే. నేను చూసినంతలో చాలామంది అమ్మాయిలు వెనకబడింది చేతకాక కాదు, ఇదిగో ఈ దయ వల్లే.

కాబట్టి చేరు, కానీ కనీసం మొదటి ఏడాది సైట్ ఇమ్మని మెయిల్‌లో అడుగు. నోటి మాట వద్దు. బాత్రూమ్ ఎక్కడుంది, లేబర్ వాడే దానికి విడిగా తాళం వేసుకునేదేనా, రాత్రి పోర్ (కాంక్రీట్ పోసే పని) ఉంటే గుంటూరు దాకా దింపే బండి ఉందా, ఇవన్నీ చేరకముందే అడుగు, సిగ్గుపడకు. ఇవి లేకపోతే ఆడపిల్లలు పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగడం మానేస్తారు, అలా ఎన్నాళ్లు చేస్తారు? ఇక రాత్రిపూట ఆడవాళ్లకి రూల్స్ ఒప్పుకోవు అంటారేమో, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్ ప్రకారం నీ అంగీకారం ఉంటే సాయంత్రం ఏడు దాటాకా పని చెయ్యొచ్చు, భద్రత ఏర్పాట్లు చూడాల్సింది కంపెనీ. ఉద్యోగాలిచ్చేటప్పుడు ఆడామగా తేడా చూపకూడదని 1976 నుంచే చట్టం ఉంది, పెళ్లి ప్రశ్న మాత్రం ఇంకా ఆగలేదు (అబ్బాయిల్ని ఎవరైనా అడిగారా?). పదిమంది, ఆపైన పనిచేసే చోట వేధింపుల ఫిర్యాదులకి ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అందులో ఎవరున్నారో ముందే కనుక్కో, ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి.

సైట్‌లో మొదట్లో మేస్త్రి నీ మాట వినడు, పక్కనున్న అబ్బాయి వైపు చూస్తాడు. గొడవ పెట్టుకోవద్దు. స్లాబ్ వేసే ముందు సెంట్రింగ్ మీదికెక్కి ఇనుము కింద కవర్ బ్లాకులు (చువ్వలు కిందకి ఆనకుండా పెట్టే చిన్న దిమ్మెలు) ఉన్నాయో లేదో నువ్వే వంగి చూడు, పనివాళ్లు నడిచి నడిచి సగం పక్కకి జారిపోయి ఉంటాయి, అవి సరిచేశాకే పోర్ కార్డు (కాంక్రీట్ వెయ్యొచ్చని ఒప్పుకునే కాగితం) మీద సంతకం పెట్టు. రెండుసార్లు నీ సంతకం కోసం పంపు ఆగితే మూడోసారి మేస్త్రే వచ్చి "మేడమ్, చూసుకోండి" అంటాడు.

మీ మామయ్యగారికి ప్రొఫెసర్ మాధవీలత గారి సంగతి చెప్పు. మన ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు ఆవిడది, కాకినాడ జేఎన్‌టీయూలో 1992లో సివిల్ బీటెక్. నదికి 359 మీటర్ల ఎత్తున కట్టిన చీనాబ్ రైల్వే బ్రిడ్జికి పదిహేడేళ్లు జియోటెక్నికల్ (నేల, రాయి బలం చూసే) కన్సల్టెంట్. అక్కడ కొండ తవ్వుతుంటే పగుళ్లు, రాయి తీరు ముందు అనుకున్నట్టు లేక అప్పటికప్పుడు డిజైన్ మార్చుకుంటూ వెళ్లారు, ఆఫీసులో డ్రాయింగ్ ముందు కూర్చుంటే అయ్యే పని కాదది. సాఫ్ట్‌వేర్ తప్పని నేననను, నీకు ఇష్టమైతే వెళ్లు, మామయ్యకి భయమేసిందని మాత్రం వెళ్లకు.

ప్రశ్న: నాకు పోలియో వల్ల ఎడమ కాలు బలహీనం. విజయవాడలో ఎలక్ట్రికల్ ఫైనలియర్ చదువుతున్నా. కోర్ జాబ్స్‌కి (మా బ్రాంచి ఉద్యోగాలకి) మమ్మల్ని తీసుకుంటారా మేడమ్?

జవాబు: తీసుకుంటారు బాబూ, కాకపోతే కాగితం ముందు రెడీగా ఉండాలి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది, పబ్లిక్ సెక్టార్ కంపెనీలకి కూడా. సదరం సర్టిఫికెట్ (వైకల్య శాతం చూపే ప్రభుత్వ పత్రం) లేకపోతే మీ వార్డు సచివాలయంలో స్లాట్ అడుగు, ఫైనల్ పరీక్షల దాకా ఆగకు. గేట్ ఫీజులో మీకు రాయితీ ఉంది, అప్లై చేసేటప్పుడు ఆ కాలమ్ నింపడం మర్చిపోకు. నోటిఫికేషన్‌లో ఏ పోస్టు ఏ వైకల్యానికి సరిపోతుందో టేబుల్ ఇస్తారు, అది చూడకుండా అప్లై చేసి మెడికల్‌లో వెనక్కి వచ్చినవాళ్లు చాలామంది. లైన్ల మీద ఎక్కే పోస్టులు నీకు పడకపోవచ్చు, ప్రొటెక్షన్, టెస్టింగ్, లోడ్ డిస్పాచ్ (కరెంటు ఎటు ఎంత పంపాలో చూసే కంట్రోల్ రూమ్) లాంటివి చూడు, రిలే (లైన్‌లో లోపం వస్తే పసిగట్టే పరికరం) సెట్టింగ్ చేసేవాడి కాలు ఎలా ఉందని రిలే అడగదు కదా.